పడని తిండిని పట్టుకోవడం: ఎలిమినేషన్ డైట్ తర్కం

అనుమానం ఉన్న ఆహారాలను కొన్ని వారాలపాటు పూర్తిగా మానేసి, బాధలు తగ్గాయో లేదో చూసి, తర్వాత వాటిని ఒక్కొక్కటిగా మళ్లీ తింటూ ఏది తిన్నప్పుడు బాధ తిరగబెడుతోందో గమనించే పద్ధతిని ఎలిమినేషన్ డైట్ అంటారు. ఇందులో రెండు భాగాలున్నాయి. ఒకటి మానడం, రెండోది మళ్లీ తినడం. చాలామంది మొదటి భాగంతోనే ఆగిపోతారు. పాలు మానేస్తే కడుపు కాస్త తేలికపడుతుంది. మిగిలిన ఉబ్బరానికి గోధుమ కారణమేమోనని చపాతీ మానేస్తారు. ఇంకా తగ్గకపోతే కందిపప్పు, ఆ తర్వాత వంకాయ, ఆపైన చింతపండు. ఏడాది తిరిగేసరికి తినగలిగినవి వేళ్ల మీద లెక్కపెట్టుకునే పరిస్థితి వస్తుంది. బాధ మాత్రం పూర్తిగా పోదు. ఒక పడని ఆహారం తెలిసిన తర్వాత ఇంకా ఏవైనా ఉన్నాయేమోనని వెతికే ఈ దశలోనే పొరపాట్లు ఎక్కువగా జరుగుతాయి. అందుకే ఈ వ్యాసం ప్రధానంగా ఆ దశ గురించే. జబ్బును తేల్చగల బలం ఈ పద్ధతిలో రెండో భాగానికే ఉంది. మళ్లీ తిన్నప్పుడు బాధ తిరిగి వచ్చి, అదే సంగతి ఇంకోసారి కూడా రుజువైతే తప్ప ఏ ఆహారాన్నీ పడని జాబితాలో చేర్చకూడదన్నది ఇక్కడి వాదన.

ముందుగా మూడు వేర్వేరు జబ్బులను విడదీసుకోవాలి. మొదటిది ఎలర్జీ. ఇందులో రోగనిరోధక వ్యవస్థ ఐజీఈ అనే ప్రతిరక్షకాల ద్వారా ఆహారంలోని ప్రొటీన్‌ మీద విరుచుకుపడుతుంది. తిన్న నిమిషాల్లో, సాధారణంగా రెండు గంటల లోపే దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, ఆయాసం వస్తాయి. రవ్వంత తిన్నా ప్రాణం మీదికి రావచ్చు. రెండోది సీలియాక్ వ్యాధి. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ కారణంగా రోగనిరోధక వ్యవస్థ చిన్నపేగు లోపలి పొరను తానే దెబ్బతీసుకుంటుంది. మూడోది ఇంటాలరెన్స్, అంటే ఆహార అసహనం. ఇక్కడ రోగనిరోధక వ్యవస్థకు పని లేదు. తిన్నదాంట్లో ఏదో ఒక పదార్థం అరగక పేగులో మిగిలిపోయి, నీటిని లాగడం వల్లో, సూక్ష్మజీవుల చేత పులిసి గ్యాస్ కావడం వల్లో ఇబ్బంది పెడుతుంది. ఎలర్జీకీ దీనికీ పెద్ద తేడా మోతాదు. అసహనంలో ప్రతి మనిషికీ ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు లోపల తింటే ఏమీ కాదు. ఎలిమినేషన్ డైట్ వెతకవలసింది ఆ హద్దునే. ఫలానాది పడుతుందా పడదా అన్న ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే పని పూర్తయినట్టు కాదు.

లాక్టోజ్ విషయంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. పాలలోని ఈ చక్కెరను అరిగించే లాక్టేజ్ ఎంజైమ్ పసితనంలో దాదాపు అందరికీ ఉంటుంది. పెద్దయ్యాక ప్రపంచంలో చాలామందికి తగ్గిపోతుంది. భారతీయుల్లో లాక్టేజ్ లోపంపై హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1972లోనే పరిశోధన ప్రచురించారు. ఉత్తర, దక్షిణ భారతీయులను పోల్చి 1981లో వెలువడిన మరో అధ్యయనంలో లాక్టోజ్ అసహనం ఉత్తరాదివారిలో 27.4 శాతం, దక్షిణాదివారిలో 66.6 శాతం కనిపించింది. పెద్ద వయసులోనూ పాలు అరిగించుకోగల భారతీయుల్లో ఎక్కువగా కనిపించే జన్యు మార్పు, యూరప్‌వాసుల్లో ఉన్న మార్పు ఒకటేనని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు భాగస్వాములైన అధ్యయనం తర్వాతి కాలంలో తేల్చింది. అంటే తెలుగువారిలో లాక్టోజ్ సరిగా అరగనివారు బోలెడంతమంది ఉన్నారు. అయినా వారిలో ఎక్కువమంది రోజూ టీ తాగుతారు, పెరుగన్నం తింటారు, ఏ బాధా లేకుండా ఉంటారు. ఒకేసారి 12 గ్రాముల వరకు లాక్టోజ్, అంటే దాదాపు ఒక గ్లాసు పాలు, చాలామంది తట్టుకోగలరని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2010లో చెప్పింది. పెరుగులోని బ్యాక్టీరియా లాక్టోజ్‌ను కొంత తామే విరగ్గొడతాయి. నేతిలో లాక్టోజ్ లేనట్టే. పాలు పడవని తేలినంత మాత్రాన పెరుగూ నెయ్యీ మానేయడం అనవసరమైన శిక్ష.

ఈ పద్ధతికి శాస్త్రీయ రూపం ఇచ్చినవారిలో మొదట చెప్పుకోవలసింది కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో పనిచేసిన ఎలర్జీ వైద్యుడు ఆల్బర్ట్ రో. ఆయన 1920ల్లో ఎలిమినేషన్ డైట్లను ప్రచారంలోకి తెచ్చి, 1941లో వాటి మీద ఒక పుస్తకమే ప్రచురించారు. ఇంతకన్నా బలమైన పాఠం నెదర్లాండ్స్ నుంచి వచ్చింది. పిల్లల వైద్యుడు విల్లెమ్ కారెల్ డిక్కె గోధుమ మానిన సీలియాక్ పిల్లలు కోలుకోవడం గమనించారు. 1944-45 చలికాలపు కరువులో రొట్టె దొరకక ఆ పిల్లలు బాగుపడ్డారన్న కథ అందరికీ తెలిసినదే. కానీ ఆయన ఆ పరిశీలనతో ఆగలేదు. గోధుమ మాన్పించి, మళ్లీ పెట్టి, పిల్లల మలంలో పోయే కొవ్వును కొలిచారు. గోధుమ పెట్టగానే కొవ్వు పెరగడం, ఆపగానే తగ్గడం అంకెల్లో చూపించి 1950లో ఉట్రెక్ట్‌లో సిద్ధాంత గ్రంథం సమర్పించారు. కరువు ఒక్కటే అయితే అది ఊహగానే మిగిలేది. ఆ చలికాలంలో దొరకనిది గోధుమ ఒక్కటే కాదు, ఇంకా చాలా ఉన్నాయి. మళ్లీ పెట్టి చూడటం వల్లనే నింద గోధుమ మీద నిలిచింది. 1976లో అమెరికాలోని డెన్వర్‌లో చార్లెస్ మే ఇంకో మెట్టు ఎక్కారు. ఉబ్బసం ఉన్న పిల్లలకు అనుమానం ఉన్న ఆహారాన్ని లోపలిది కనిపించని గొట్టం మాత్రల్లో పెట్టి ఇచ్చారు. ఏ గొట్టంలో ఏముందో తినేవారికీ ఇచ్చేవారికీ తెలియదు. ఆహార ఎలర్జీ నిర్ధారణలో ఈ డబుల్ బ్లైండ్ పరీక్షే ఇప్పటికీ ప్రమాణం.

ఒకదాని తర్వాత ఒకటి పడకపోవడం అసలు సాధ్యమేనా? సాధ్యమే. అందుకు నమ్మదగిన కారణాలున్నాయి. సీలియాక్ వ్యాధిలో చిన్నపేగు పొర దెబ్బతిన్నప్పుడు దాని అంచున ఉండే లాక్టేజ్ కూడా పోతుంది. అలాంటి రోగి గోధుమ మానేసినా కొన్ని నెలలపాటు పాలు తాగితే విరేచనాలు అవుతాయి. పేగు మానిన కొద్దీ చాలామందిలో ఇది దానంతట అదే సర్దుకుంటుంది. తీవ్రమైన విరేచనాల జబ్బు తర్వాత పిల్లల్లో తాత్కాలికంగా ఇదే జరుగుతుంది. మరో కారణం మోతాదులు కలిసిపోవడం. ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లోని ఫ్రక్టాన్లు, పప్పుధాన్యాల్లోని గెలాక్టో-ఒలిగోశాకరైడ్లు, పాలలోని లాక్టోజ్, తేనెలోనూ మామిడిపండులోనూ ఎక్కువగా ఉండే ఫ్రక్టోజ్, పుట్టగొడుగుల్లోని మ్యానిటాల్ వేరువేరు పదార్థాలే అయినా పేగులో చేసే పని ఒక్కటే. నీటిని లాగుతాయి, పులుస్తాయి. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ గిబ్సన్, సుసాన్ షెపర్డ్ 2005లో వీటన్నిటినీ కలిపి ఫాడ్‌మ్యాప్ అని పేరు పెట్టారు. 2014లో మోనాష్ బృందం 30 మంది ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనాల తేడాలు తరచూ వచ్చే పేగు సమస్య) రోగుల మీద చేసిన పరీక్షలో, ఇవి తక్కువగా ఉన్న భోజనం తిన్నప్పుడు 100 మిల్లీమీటర్ల కొలబద్దపై బాధ 22.8 దగ్గర, మామూలు ఆస్ట్రేలియా భోజనం తిన్నప్పుడు 44.9 దగ్గర ఉంది. పొద్దున పాలు, మధ్యాహ్నం ఉల్లిపాయ సాంబారు, రాత్రి చపాతీ తిన్నవారికి ఏ ఒక్కటీ విడిగా హద్దు దాటకపోయినా మూడూ కలిసి దాటవచ్చు. అప్పుడు మూడూ పడవనిపిస్తుంది. అసలు సంగతి, రోజు మొత్తం మీద భారం పెరగడం.

ఇంకా ముఖ్యమైన సంగతి ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హమ్ పరిశోధకులు 2017లో చూపించారు. ఫ్రక్టాన్ జాతికి చెందిన ఇన్యులిన్ ఇచ్చి ఎమ్మారై స్కానర్‌తో పెద్దపేగును చూశారు. ఐబీఎస్ ఉన్నవారికీ ఆరోగ్యవంతులకూ లోపల పుట్టిన గ్యాస్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు. బాధ మాత్రం ఐబీఎస్ ఉన్నవారికే ఎక్కువ కలిగింది. అంటే చాలామందిలో తేడా ఆహారంలోకన్నా, పేగు సాగినప్పుడు దాన్ని నరాలు ఎంత తీవ్రంగా గ్రహిస్తాయన్న దాంట్లో ఉంది. అలాంటివారికి ఏది తిన్నా ఏదో ఒకటి అవుతుంది. వారు ఆహారాల జాబితా ఎంత పెంచుకుంటూ పోయినా అది పూర్తికాదు. పేగు సున్నితత్వానికి వైద్యం కావాలి, నిద్ర కావాలి, మానసిక ఒత్తిడి తగ్గాలి. రెండు మూడు ఆహారాలు తీసేశాక కూడా అంతంత మాత్రంగానే ఉన్నవారు నాలుగోదాన్ని అనుమానించే ముందు ఈ సంగతి ఆలోచించాలి.

రెండో ఆహారం కోసం వెతికితే మొదటి నిర్ణయమే తప్పని తేలవచ్చు. గ్లూటెన్ కథ ఇందుకు మంచి ఉదాహరణ. సీలియాక్ లేకపోయినా గోధుమ తింటే పడదనేవారు ప్రపంచమంతటా ఉన్నారు. 2011లో మోనాష్ బృందమే 34 మంది మీద పరీక్ష చేసి గ్లూటెన్ నిజంగానే బాధ పెడుతోందని రాసింది. అదే బృందం 2013లో ఇంకా జాగ్రత్తగా 37 మందిని తీసుకుని, ముందు అందరికీ ఫాడ్‌మ్యాప్ తక్కువ ఉన్న భోజనం పెట్టింది. అందరికీ బాధలు తగ్గాయి. ఆ తర్వాత తెలియకుండా గ్లూటెన్ ఇస్తే, దానివల్లనే ప్రత్యేకంగా బాధపడినవారు 8 శాతమే. 2018లో ఓస్లోలో 59 మందికి మూడు రకాల బార్లు ఇచ్చారు. ఒకదానిలో గ్లూటెన్, ఒకదానిలో ఫ్రక్టాన్, ఒకదానిలో రెండూ లేవు. వీరంతా గ్లూటెన్ పడదని నమ్మి, తమంతట తాము మానేసినవారే. గ్లూటెన్ బార్ తిన్నప్పుడు వారి బాధ ఉత్త బార్ తిన్నప్పటికన్నా ఎక్కువ కాలేదు. ఎక్కువ బాధ పెట్టింది ఫ్రక్టాన్. ఆ 59 మందిలో ఎవరైనా గోధుమ మానేశాక, ఉల్లిపాయ కూడా పడడం లేదు, ఇది నాకున్న రెండో అసహనం అనుకుంటే లెక్క తప్పినట్టే. గోధుమలోనూ ఉల్లిలోనూ ఉన్నది ఒకే ఫ్రక్టాన్. రెండు జబ్బుల్లా కనిపించేది ఒక్కటే కావచ్చు. మంచి ఎలిమినేషన్ డైట్‌లో ఆహారం పేరు కాక అందులోని పదార్థం పరీక్షకు రావాలని ఈ అనుభవం నేర్పింది.

మొదలుపెట్టే ముందు చేయవలసిన పని ఒకటుంది. గోధుమ మానేయకముందే సీలియాక్ రక్తపరీక్ష చేయించుకోవాలి. గోధుమ మానేసిన కొన్ని నెలలకు ఆ పరీక్ష వెతికే ప్రతిరక్షకాలు తగ్గిపోతాయి, పేగు మానుతుంది, అప్పుడు పరీక్ష లేదనే చెబుతుంది. భారతదేశంలో 23 వేలకు పైగా మంది పెద్దలను పరీక్షించిన అధ్యయనంలో సీలియాక్ ప్రతిరక్షకాలు ఉత్తరాదిలో 1.23 శాతం, ఈశాన్యంలో 0.87 శాతం, దక్షిణాదిలో 0.10 శాతం కనిపించాయి. దక్షిణాదిలో అరుదే, అయినా ఉంది. పైగా ఉత్తరాదిలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ, అమెరికా వంటి చోట్ల ఉన్నవారిలోనూ గోధుమ వాడకం బాగా పెరిగింది. బరువు తగ్గడం, మలంలో రక్తం, రక్తహీనత, రాత్రి నిద్రలో లేచి విరేచనానికి పోవలసి రావడం, యాభై దాటాక కొత్తగా మొదలైన బాధ వంటివి ఉంటే ఆహారంతో ప్రయోగాలు చేయకూడదు. ముందు డాక్టరుకు చూపించుకోవాలి. ఇప్పటికే సీలియాక్ తేలి, గోధుమ మానేసినా తగ్గనివారిలో వెతకవలసిన మొదటి కారణం కొత్త అసహనం కాదు. తెలియకుండా లోపలికి పోతున్న గ్లూటెన్. డబ్బాలో అమ్మే ఇంగువ పొడిలో అసలు ఇంగువ కొంచెమే. మిగతాది బంక, పిండి. చాలా బ్రాండ్లలో ఆ పిండి గోధుమపిండో మైదానో అయివుంటుంది. ఫ్రక్టాన్ పడనివారికి ఆ చిటికెడు లెక్కలోకి రాదు, సీలియాక్ ఉన్నవారికి వస్తుంది. బొంబాయి రవ్వ, సేమ్యా, సోయా సాస్ కూడా గోధుమ సంతతే. బియ్యం, జొన్న, రాగి, సజ్జల్లో గ్లూటెన్ లేదు. ఆ విధంగా ఆంధ్ర, తెలంగాణల పాత తిండి ఈ పరీక్షకు బాగా కలిసి వస్తుంది.

మానే దశ రెండు నుంచి ఆరు వారాలు చాలు. అంతకు మించి పొడిగించడంలో ప్రయోజనం లేదు. అనుమానం ఉన్న పదార్థాలను ఈ వారాల్లో నిజంగా మానాలి. తెలుగు వంటింట్లో ఇది కొంత చిక్కు పనే. సాంబారులో, పులుసులో ఉల్లిపాయ ముక్కలు ఏరి పక్కన పెడితే సరిపోదు. ఫ్రక్టాన్ నీళ్లలో కరిగేది. ముక్క గిన్నెలోంచి పోయినా ఫ్రక్టాన్ పులుసులోనే ఉంటుంది. నూనెలో మాత్రం అది కరగదు. నూనెలో వెల్లుల్లి రెబ్బలు వేయించి, ఇంకే తడి తగలకముందే రెబ్బలు తీసేస్తే తాలింపుకు వాసన ఉంటుంది, ఫ్రక్టాన్ దిగదు. అదే రెబ్బలను పులుసులో మరగనిస్తే దిగుతుంది. శనగలు, బొబ్బర్లు రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు కూడా వంచేస్తే గ్యాస్ పుట్టించే చక్కెరలు కొంత తగ్గుతాయి. ఈ దశలో రోజూ తిన్నదీ, బాధా, నిద్రా, మందులూ, ఆడవారైతే నెలసరి తేదీలూ రాసి పెట్టుకోవాలి. ఆ రాత లేకపోతే తర్వాత జ్ఞాపకం మీద ఆధారపడవలసి వస్తుంది. ముందే అనుమానం పెట్టుకున్న ఆహారం మీదికే జ్ఞాపకం మొగ్గుతుంది. ఆరు వారాలు నిష్ఠగా మానినా ఏ మార్పూ రాకపోతే, వాటివల్ల బాధ రావడం లేదని అర్థం. అప్పుడు అన్నీ తిరిగి తినాలి. మరో జాబితాకు పోకూడదు.

బాధ తగ్గితే అసలు పరీక్ష అప్పుడు మొదలవుతుంది. ఒక్కో పదార్థాన్ని, మిగతావన్నీ ఇంకా మానేసి ఉండగానే, మూడు రోజులపాటు పెరిగే మోతాదులో తినాలి. లాక్టోజ్ అయితే మొదటి రోజు పావు గ్లాసు పాలు, రెండో రోజు అర గ్లాసు, మూడో రోజు గ్లాసు నిండా. ఫ్రక్టాన్ అయితే ఉల్లితో ఒకసారి, వెల్లుల్లితో ఇంకోసారి, గోధుమతో మరోసారి, ఎందుకంటే వీటిలో ఫ్రక్టాన్ పరిమాణమూ మనం తినే మోతాదూ ఒకటి కావు. పప్పుధాన్యాలకు కందిపప్పు ఒక చెంచాతో మొదలుపెట్టవచ్చు. పరీక్షకూ పరీక్షకూ మధ్య, బాధ పూర్తిగా తగ్గే వరకు, రెండు మూడు రోజులు ఆగాలి. బాధ ఏ మోతాదు దగ్గర మొదలైందో రాసుకోవాలి. ఆ అంకే మీ హద్దు. తర్వాత రెండు వారాలు గడిచాక అదే పరీక్ష మరోసారి చేయాలి. మొదటిసారి బాధ వచ్చిన నాడు పెళ్లి భోజనమో, జ్వరమో, ప్రయాణమో తోడై ఉండవచ్చు. రెండోసారి కూడా అదే మోతాదు దగ్గర వస్తే నమ్మవచ్చు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం చాలా సహజమైనది. మానేశాను, హాయిగా ఉన్నాను, మళ్లీ తిని బాధను కొనితెచ్చుకోవడం దేనికి? మానేసినప్పుడు తగ్గడం, మానేయడం వల్ల తగ్గడం ఒకటి కావు. ఐబీఎస్ బాధ తనంతట తానే పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. బాగా పెరిగినప్పుడే మనిషి ఏదో ఒకటి మానేస్తాడు కాబట్టి ఆ తర్వాత తగ్గడానికే అవకాశం ఎక్కువ. ఐబీఎస్ మందుల పరీక్షల్లో ఉత్త మాత్ర మింగినవారిలో కూడా సుమారు 40 శాతం మంది తగ్గిందని చెబుతారు. ఊరికే మానేసి ఉండటంలో నష్టమూ ఉంది. ఫాడ్‌మ్యాప్ తక్కువ ఆహారం నాలుగు వారాలు తింటేనే పేగులో మేలుచేసే బైఫిడోబ్యాక్టీరియా తగ్గినట్టు 2012 నాటి లండన్ అధ్యయనంలో కనిపించింది. శాకాహార ఇళ్లలో పప్పూ పాలూ రెండూ పోతే ప్రొటీన్, కాల్షియం ఎక్కడి నుంచి రావాలి? ఎలర్జీ ధోరణి ఉన్న పిల్లల్లో ప్రమాదం ఇంకా పెద్దది. ఎగ్జిమా కోసం ఆహారాలు మాన్పించిన పిల్లల్లో 19 శాతం మందికి అంతకు ముందు లేని తక్షణ ఎలర్జీ కొత్తగా కనిపించిందని 2016లో ఒక అమెరికా అధ్యయనం తెలిపింది. అలవాటుగా తింటున్నంత కాలం శరీరం ఓర్చుకున్న ఆహారాన్ని ఏళ్ల తరబడి దూరం పెడితే ఆ ఓర్పు పోవచ్చు. లాక్టోజ్ అసహనానికి ఈ చివరి భయం వర్తించదు, ఎగ్జిమా పిల్లలకు వర్తిస్తుంది. అందుకే ఇద్దరికీ ఒకే సలహా ఇవ్వడం తప్పు.

నా శరీరం నాకు తెలియదా అన్నది రెండో అభ్యంతరం. ఇందులో బాధ ఉంది, దాన్ని తేలికగా తీసుకోకూడదు. 1994లో బ్రిటన్‌లో జరిగిన జనాభా అధ్యయనంలో దాదాపు 20 శాతం మంది తమకు ఏదో ఒక ఆహారం పడదన్నారు. తెలియకుండా ఇచ్చి చూసిన పరీక్షల లెక్కన అసలు సంఖ్య 1.4 నుంచి 1.8 శాతం మధ్యే ఉండవచ్చని పరిశోధకులు అంచనా వేశారు. 1995లో అమెరికాలో, కొద్ది పాలు తాగినా తీవ్రంగా బాధపడతామన్న 30 మందికి రోజుకు 240 మిల్లీలీటర్ల పాలు ఒక వారం లాక్టోజ్‌తో, ఒక వారం లాక్టోజ్ తీసేసి ఇచ్చారు. ఏవి ఏ పాలో తెలియనప్పుడు రెండు వారాల బాధల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. వారిలో తొమ్మిది మందికి లాక్టోజ్ మామూలుగానే అరుగుతోంది. గ్లూటెన్ మీద జరిగిన పది డబుల్ బ్లైండ్ పరీక్షలను 2017లో కలిపి చూస్తే గ్లూటెన్‌కే ప్రత్యేకంగా బాధపడినవారు 16 శాతం, ఉత్త పదార్థానికే బాధపడినవారు 40 శాతం. ఈ అంకెలు ఎవరి కడుపునొప్పినీ కాదనవు. నొప్పి నిజం, ఉబ్బరం నిజం. తినబోయే ముందు కలిగే భయం కూడా పేగును నిజంగానే కదిలిస్తుంది. నొప్పి ఉందో లేదో తేల్చడానికి పరీక్ష అక్కర్లేదు. దానికి కారణం ఏదన్నది తేల్చడానికే అది కావాలి.

అలాంటి గుప్త పరీక్షలు ఆసుపత్రుల్లో కుదురుతాయి గానీ ఇంట్లో ఎలా అని అడగవచ్చు. పూర్తిగా కుదరదు, కొంతవరకు కుదురుతుంది. లాక్టోజ్ తీసేసిన పాలు ఇప్పుడు మన మార్కెట్లోనూ దొరుకుతున్నాయి. అవి మామూలు పాలకన్నా కాస్త తియ్యగా ఉంటాయి కాబట్టి చక్కెర వేసిన కాఫీలో తేడా పెద్దగా తెలియదు. ఇంట్లో ఒకరు ఏ వారం ఏ పాలు వాడారో కాగితం మీద రాసి మడిచి పెట్టుకుని, నాలుగు వారాల తర్వాత బాధల పుస్తకంతో పోల్చి చూడవచ్చు. వెల్లుల్లి, ఉల్లి వంటి వాసన దాచలేని వాటికి ఇది కష్టం. అక్కడ రెండుసార్లు పరీక్షించడంతోనే సరిపెట్టుకోవాలి. వెనుక తక్షణ ఎలర్జీ వచ్చినవారు మాత్రం ఏ పరీక్షా ఇంట్లో చేయకూడదు.

మూడో అభ్యంతరంలో బలం ఉంది. నాలుగు ఆహారాలు పడనివారు ఒక్కటే మానితే మిగతా మూడూ బాధను నిలబెడతాయి, అప్పుడు ఆ ఒక్కటి నిర్దోషి అనిపిస్తుంది, కాబట్టి మొదటే అన్నీ మానాలంటారు. తర్కం సరైనదే. రో డైట్లు అలా పుట్టినవే. అయితే ఆచరణలో ఏం తేలిందో చూడాలి. అన్నవాహికలో ఇసినోఫిల్ కణాలు పేరుకునే ఒక జబ్బు ఉంది. ఇది ఇంటాలరెన్స్ కాదు, అయినా ఎలిమినేషన్ డైట్‌ను అన్నిటికన్నా కఠినంగా పరీక్షించింది ఇక్కడే, ఎందుకంటే ఎండోస్కోపీతో కణాలు లెక్కపెట్టవచ్చు, నమ్మకంతో పని లేదు. 2006 నుంచి వైద్యులు పాలు, గోధుమ, గుడ్లు, సోయా, వేరుశనగ వంటి గింజలు, చేపలు మొదలైన ఆరు రకాలు ఒకేసారి మాన్పిస్తూ వచ్చారు. 2023లో 129 మంది పెద్దల్ని రెండు గుంపులు చేసి ఒక గుంపుకు ఆరూ, రెండో గుంపుకు పాల పదార్థాలు మాత్రమే మాన్పించారు. ఆరు మానినవారిలో 40 శాతం, పాలు మాత్రమే మానినవారిలో 34 శాతం కోలుకున్నారు. ఆ తేడా గణాంకాలకు నిలబడేది కాదు. అందుకే ఇప్పుడు ఈ జబ్బులో చాలామంది నిపుణులు ఒకటి రెండింటితో మొదలుపెట్టి, తగ్గకపోతేనే జాబితా పెంచే పద్ధతి వైపు మొగ్గుతున్నారు. బాధ తీవ్రంగా, గందరగోళంగా ఉండి అన్నీ ఒకేసారి మానక తప్పని రోగులూ ఉంటారు. వారు కూడా అన్నీ తిరిగి పరీక్షించుకోవలసినవారే.

రక్తపరీక్షతో ఒక్క రోజులో తేలిపోతుందంటూ ఐజీజీ ప్రతిరక్షకాల ప్యానెళ్లు అమ్మే ల్యాబులు మన నగరాల్లోనూ ఉన్నాయి. వందల ఆహారాల పక్కన రంగు రంగుల గుర్తులతో నివేదిక వస్తుంది. ఆహారంపై ఐజీజీ ఉండటం ఆ ఆహారం తింటున్నారనడానికి గుర్తు మాత్రమే, పడదనడానికి కాదు. యూరప్ ఎలర్జీ అకాడమీ 2008లో ఈ పరీక్షను వాడవద్దని స్పష్టంగా చెప్పింది. అమెరికా, కెనడా వైద్య సంఘాలూ అదే మాటన్నాయి. రోజూ తినే బియ్యం, పాలు, పప్పులే ఆ నివేదికలో దోషులుగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. లాక్టోజ్‌కు శ్వాసలో హైడ్రోజన్ పరీక్ష పనికి వస్తుంది, కానీ అది అరుగుదల లోపాన్ని చెబుతుంది గానీ బాధ ఏ మోతాదు దగ్గర మొదలవుతుందో చెప్పదు. శాలిసిలేట్లు, హిస్టమిన్ వంటి రసాయనాల అసహనం మీద సిడ్నీలోని రాయల్ ప్రిన్స్ ఆల్ఫ్రెడ్ ఆసుపత్రి 1980ల నుంచి పనిచేస్తోంది. మన మసాలా దినుసుల్లో శాలిసిలేట్లు బాగా ఎక్కువని అక్కడి కొలతలే చూపించాయి. అయినా ఈ రంగంలో సాక్ష్యం లాక్టోజ్, ఫ్రక్టాన్ల స్థాయికి ఇంకా రాలేదు. లాక్టోజ్, ఫ్రక్టాన్, పప్పుల పరీక్షలు పూర్తికాకుండా పసుపు, జీలకర్ర మానేయడానికి ఆధారం లేదు.

పిల్లలు, గర్భిణులు, ఇన్సులిన్ తీసుకునే మధుమేహులు, తిండి విషయంలో ఇదివరకే మానసిక సమస్యలున్నవారు డాక్టరు, డైటీషియన్ తోడు లేకుండా ఈ డైట్ మొదలుపెట్టకూడదు. 2011లో డెన్వర్ ఆసుపత్రి వైద్యులు, ఎక్కువగా రక్తపరీక్షల ఆధారంగా రకరకాల ఆహారాలు మానేసిన 125 మంది పిల్లలకు వాటిని వైద్యుల సమక్షంలో తిరిగి తినిపించి చూశారు. మానేసిన ఆహారాల్లో 84 నుంచి 93 శాతం వరకు మళ్లీ ఆ పిల్లల కంచాల్లోకి చేరాయి. ఇప్పటికే నాలుగైదు ఆహారాలు మానేసి ఉన్న పెద్దలు కూడా, తక్షణ ఎలర్జీ చరిత్ర లేకపోతే, డైటీషియన్‌ను కలిసి వాటిని ఒక్కొక్కటిగా తిరిగి తిని చూడాలి. అన్నిటికన్నా తక్కువ అనుమానం ఉన్నదానితో మొదలుపెట్టండి.